పది రెట్లు దగ్గరగా

ఖాట్మండు బజారులో టీ తాగుతున్న మనిషి గ్లాసు కింద పెట్టకుండానే చనిపోయాడు. కాల్చినవాడు కంగారుపడలేదు. జేబులోంచి ఒక ఫోటో తీసి, నేల మీదున్న మొహంతో పోల్చి చూసుకుని, సరిపోయిందనుకున్నాకే జనంలో కలిసిపోయాడు. ఆ ఫోటో మురుగుకాలువ పక్కన దొరికింది.

రెండు రోజుల తర్వాత అది విశాఖపట్నంలో ఒక ఆఫీసు టేబుల్ మీద ఉంది. బీచ్ రోడ్డు వెనక సందులో ఉండే ఆ ఆఫీసుకు సీ ఫుడ్స్ ఎక్స్‌పోర్ట్స్ అని బోర్డుంది గానీ, పుట్టిన దగ్గర్నుంచి అది ఒక్క రొయ్యను కూడా ఓడెక్కించలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న గుమాస్తాను "వంజరం ఉందా?" అని అడగాలి. "ఎండుదే ఉంది" అంటే లోపలికి వెళ్లొచ్చు. ఫల్గుణ అడిగాడు, వెళ్లాడు.

చీఫ్ దుర్గాప్రసాద్ కూర్చోమనలేదు. ఫోటోను ముందుకు తోశాడు.

ఫోటోలో ఉన్నది చనిపోయిన మనిషే. వెనక కనిపిస్తున్నది అనంతగిరి ఫారెస్ట్ బంగళా వరండా. పరాయి దేశాల్లో పేర్లు మార్చుకుని బతుకుతున్న మన ఏజెంట్లు ఆరుగురు నెల కిందట ఆ బంగళాలోనే రహస్యంగా కలుసుకున్నారు. చుట్టూ మైలు దూరం మన మనుషులే కాపలా కాశారు. కెమెరా ఉన్నవాడెవడూ ఆ గీత దాటలేదు. అయినా ఫోటోలో ఆ మనిషి గడ్డం మీది గాటు కూడా తెలుస్తోంది.

అంత దూరం లాగాలంటే మోచెయ్యంత లెన్స్ కావాలి, అది ఎవరి కంటా పడలేదా అని ఫల్గుణ అడిగాడు. దుర్గాప్రసాద్ తన సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంతే ఉంటుంది. ఇప్పటి ఫోన్లలో జూమ్ అంటే ఉన్న పిండినే పలచగా సాగదీయడం. లాగే కొద్దీ చిల్లులు పడతాయి. వీళ్ల దగ్గరున్నది ఆప్టికల్ జూమ్. పది రెట్లు. లెన్సులన్నిటినీ ఫోన్ లోపల అడ్డంగా పడుకోబెట్టి, మూల ఒక ప్రిజమ్ పెట్టి వెలుతురును పక్కకు తిప్పారు. పైకి మామూలు ఫోనే."

అది 2006. అలాంటి ఫోన్ ఇంకా ఏ దుకాణానికీ రాలేదు. ఒక విదేశీ కంపెనీ ల్యాబ్ నుంచి రెండు ప్రోటోటైపులు మాయమయ్యాయని, అవి అరకు కొండల్లో పిట్టల్ని చూడ్డానికొచ్చిన మార్టిన్ అనే తెల్లవాడి దగ్గర ఉన్నాయని డిపార్ట్‌మెంట్‌కి తెలిసేసరికి ఒక ప్రాణం పోయింది. మొదటి ఫోటో మార్టిన్ ముందుగా దింపి పంపిన శాంపిల్ మాత్రమే. సరుకు మంచిదని ఖాట్మండులో రుజువైంది కాబట్టి ఇప్పుడు మిగతా ఐదుగురి మొహాలకూ బేరం కుదిరింది. ఫోటోలు ఫోన్ కడుపులోనే ఉన్నాయి, ఊడదీయడానికి కార్డు లేదు. కొండ మీద సిగ్నల్ లేదు. ఎవరో ఒకరు ఆ ఫోన్ పట్టుకుని ఘాట్ దిగాలి. దిగిన మరుక్షణం మొహాలు దేశం దాటిపోతాయి.

ఐదుగురినీ వెనక్కి పిలిచేయొచ్చు కదా అన్నాడు ఫల్గుణ. కబురు చేరడానికే రోజులు పడతాయన్నాడు చీఫ్.

"ఐదుగురిలో కనక ఉంది. నీకు తెలుసు. అందుకే నిన్ను పంపకూడదు. కానీ ఆ కొండలు తెలిసినవాడు నాకు ఇంకొకడు లేడు. ఆమె దక్కుతుందన్న ఆశ పెట్టుకుని మాత్రం వెళ్లకు."

ఫల్గుణది అనంతగిరి కింద, ఘాట్ రోడ్డును ఆనుకుని ఉన్న పనసపుట్టు. కనకదీ ఆ ఊరే, వరసకు మరదలు. నర్సు చదువుకున్న పిల్ల, ధైర్యవంతురాలు, ఏ భాషైనా నెల తిరగకుండా పట్టేస్తుంది. ఇద్దరికీ పెళ్లి మాటలు నడుస్తున్న రోజుల్లో, దేశానికి పనికొస్తుందని చీఫ్ దగ్గరికి తీసుకెళ్లింది ఫల్గుణే. నీకేం కాదని ఆమెతో చెప్పిందీ తనే. దుబాయి ఆస్పత్రిలో ఉద్యోగం అని ఆమె తల్లి చిన్నమ్మలుకు అబద్ధం చెప్పింది కూడా తనే. ఆ తర్వాత కనక ఇంటికి రాలేదు. నెల కిందట అనంతగిరి బంగళా దాకా వచ్చింది. తల్లి ఇల్లు అక్కడికి కాలినడక దూరం. రూలు రూలే కాబట్టి చూడకుండానే వెళ్లిపోయింది.

అతనికి తోడుగా ప్రసన్న బయల్దేరింది. ఢిల్లీ ట్రైనింగు, నల్లకళ్లద్దాలు, ఎక్కడికెళ్లినా తనకంటే ముందు వెళ్లే సెంటు. కొనుగోలుదార్ల మనిషినని నమ్మించి మార్టిన్ ముఠాలో చేరిన డబుల్ ఏజెంట్ ఆమె. ఇన్ని వివరాలు చీఫ్‌కి చేరవేసిందీ ఆమే. జీపు ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే తుపాకులు, విల్లంబులు పట్టుకున్న మగవాళ్లు గుంపులుగా ఎదురయ్యారు. ఏమిటీ యుద్ధం అని నవ్వింది ప్రసన్న.

చైత్ర మాసం, కొండజనం చేసుకునే ఇటుకల పండగ. ఫల్గుణ అంతా చెప్పాడు. ఈ రోజుల్లో మగవాడన్నవాడు ఊళ్లో ఉండకూడదని, అందరూ అడవికి వేటకు పోతారని, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుగడ కట్టి వచ్చే పోయే బండ్లను ఆపి పండగ మామూలు అడుగుతారని చెప్పాడు. ఎవడు ఆయుధం పట్టుకుని తిరిగినా ఎవరూ అడగరన్నమాట అంది ఆమె. అడగరన్నాడు.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. చిన్నప్పుడు మొదటిసారి వేటకెళ్లి ఉత్తచేతుల్తో తిరిగొచ్చినప్పుడు తనకు జరిగిన మర్యాద అది. అంత నాజూకైన మనిషి ముందు ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. చేతికి మురికి అంటని మాటలే మాట్లాడాడు.

మర్నాడు తెల్లారాక ఫల్గుణ గోచీ, తలపాగా, భుజాన విల్లుతో వేటగాడి వేషం కట్టి బంగళాకు ఎదురుకొండ ఎక్కాడు. పక్కన కాఫీ తోట, నిలువునా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు. కొండ చివర బండ మీద మార్టిన్ గుడారం. ప్రసన్న అప్పటికే లోపలుంది. ఆమె రుమాలు ఊపితే తను దూకాలి. రుమాలు ఊగింది. ఫల్గుణ దూకాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్-గన్ మార్టిన్ వైపు గురిపెట్టి నొక్కాడు. అది టిక్కుమంది. మళ్లీ నొక్కాడు. పెన్ను మంచిదే, రాసుకోవడానికి పనికొస్తుంది.

"రాత్రి దాంట్లో మందు తీసేశాను," అంది ప్రసన్న. ఆమె చేతిలో ఉన్నది మాత్రం నిజమైన పిస్తోలు.

ఎందుకని ఫల్గుణ అడగలేదు. అడిగితే ఏదో ఒక కారణం చెబుతుంది, ఏ కారణమూ కనకను బతికించదు. అతని వైర్‌లెస్ లాక్కుని, బండ అంచుదాకా నడిపించి తోసింది. రెండు నిలువుల కింద పడ్డాడు. కుడి మడమ పుల్ల విరిగినట్టు విరిగింది. తుపాకీ మోగితే వేటగాళ్లు చుట్టూ మూగుతారని కాబోలు, కాల్చలేదు. విరిగిన కాలుతో అక్కడే పోతాడని లెక్కేసుకుంది.

పైన ఆమె వేషం మార్చుకోవడం కనిపించింది. మగవాళ్ల ప్యాంటు, చొక్కా, జుట్టంతా దాచే టోపీ, ముక్కు మీదుగా తుండుగుడ్డ, భుజాన ఎయిర్ గన్. సరదాగా వేటకొచ్చిన టౌను బాబు తయారయ్యాడు. రేపు డిపార్ట్‌మెంట్ విచారణ జరిగితే ఈ రోజు ఫోన్ పట్టుకుని ఘాట్ దిగిన ఆడమనిషి ఎవరూ ఉండకూడదు. ఆమె మాత్రం సాయంత్రం ఎక్కడో తాళ్లతో కట్టేసినట్టు దొరుకుతుంది, ఫల్గుణ కోసం ఏడుస్తుంది కూడా.

వెళ్తూ వెళ్తూ రెండో ఫోన్‌ను అతని ఒళ్లోకి విసిరింది. ఫోటోలు లేని ఖాళీ ఫోన్.

"ఉంచుకోండి ఫల్గుణగారూ. నేను దిగడం దగ్గరగా చూద్దురు గానీ."

మార్టిన్ ఒరిస్సా వైపు దిగిపోయాడు. ప్రసన్న సుమో ఎక్కింది. ఫల్గుణ పాకుతూ ఒక గుట్ట మీదికి చేరాడు. అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు మలుపులన్నీ కనబడతాయి గానీ బండి గోరంత ఉంది. అరిచాడు. ఆ గొంతు తన చెవులకే సరిగ్గా వినిపించలేదు. చివరికి ఫోన్ తెరిచి బటన్ నొక్కాడు. లోపల లెన్సులు సన్నగా గుర్రుమని కదిలాయి. సుమో నంబర్ ప్లేటు చదవగలిగేంత ముందుకొచ్చింది.

అంతకంటే పెద్ద శిక్ష ఉండదు. డ్రైవర్ మెడలో దండ కనిపిస్తోంది. ప్రసన్న చేతిలో ఫోన్ కనిపిస్తోంది. చెయ్యి చాస్తే అందేలా ఉంది, చాస్తే గాలి. దగ్గరగా కనిపించడం వేరు, దగ్గరుండడం వేరు. కనక ఏ దేశంలో ఏ రోగికి మందు తాగిస్తోందో, ఆమె వెనక నిలబడబోయేవాడి జేబులోకి ఆమె మొహం ఇంకాసేపట్లో చేరుతుంది. ఫల్గుణ ఏడ్చాడు. గూఢచారులు ఏడవకూడదని ట్రైనింగులో చెప్పారు. చెప్పినవాడికి మరదలు లేదేమో.

పనసపుట్టు దగ్గర ఒక మలుపుంది. పై నుంచి దిగే ఫోన్లకు మొదటి సిగ్నల్ తగిలేది అక్కడే. డ్రైవర్లందరూ అక్కడ ఆగి ఇంటికి మాట్లాడుకుంటారు. బండ్లు ఎలాగూ ఆగుతాయి కాబట్టి పనసపుట్టు ఆడవాళ్లు వెదురుగడ అక్కడే కట్టారు. సుమో ఆగింది. ప్రసన్న దిగి, ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతకడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. ముందున్నది చిన్నమ్మలు. మాటలు వినిపించకపోయినా ఫల్గుణకు అంతా అర్థమవుతోంది. ప్రసన్న వాళ్ల వైపు చూడకుండానే ఒక నోటు ఇచ్చింది. చిన్నమ్మలు పుచ్చుకుంది. గడ ఎత్తేస్తారు. అయిపోయింది.

గడ లేవలేదు. చిన్నమ్మలు ఆ టౌను బాబును కిందినుంచి పైదాకా చూసింది. తుపాకీ చూసింది. బండి వెనక తలుపు తీయించి లోపల చూసింది. కుందేలు లేదు, కనీసం అడవికోడి లేదు. ఇద్దరు ఆడవాళ్లు పకపకా నవ్వుతున్నారు. ప్రసన్న ఫోన్ కిందికి దించి బటన్ మీద వేలు పెట్టింది. సిగ్నల్ దొరికినట్టుంది, తుండుగుడ్డ పైన కళ్లు నవ్వాయి.

అప్పుడే పేడనీళ్ల కుండ ఆమె నెత్తిన బోర్లపడింది.

అదీ ఫల్గుణ చెప్పడానికి సిగ్గుపడ్డ మర్యాద. వేటకెళ్లి ఉత్తచేతుల్తో తిరిగొచ్చిన మగవాడికి పండగ రోజుల్లో ఆడవాళ్లు చేసే అభిషేకం. ఒక కుండతో ఆగరు. రెండోది మొహం మీద, మూడోది మెడ వెనక. ఫోన్ చేతిలోంచి జారింది. అల్లరి చూసి నక్సలైట్ అన్నలు చుట్టుముట్టారనుకున్నాడో ఏమో, డ్రైవర్ గేరు వేసి బండిని ఒక్కసారిగా వెనక్కి లాగాడు. చక్రం ఫోన్ మీదికెక్కి, దిగింది. పది రెట్ల జూమ్‌లో ఆ ముక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. టోపీ ఊడి పొడుగాటి జడ బయటపడేసరికి ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ప్రసన్న బండిలోకి దూకి, గడ విరగ్గొట్టుకుని పారిపోయింది గానీ, ఎస్.కోట చెక్‌పోస్టులో ఐడీ కార్డు తీసి చూపించినా, ఆ అవతారంలో ఉన్నది డిపార్ట్‌మెంట్ మేడమ్ అంటే కానిస్టేబుల్ నమ్మలేదు. చీఫ్ వచ్చేదాకా అందరూ ముక్కు మూసుకుని కాపలా కాశారు.

మధ్యాహ్నానికి వేటగాళ్లు ఫల్గుణను చూసి, కొమ్మలు కట్టి మోసుకుంటూ దింపారు. వాళ్లకూ ఆ రోజు ఏమీ దొరకలేదు. మలుపులో చిన్నమ్మలు ఎదురొచ్చింది.

"ఏరా అల్లుడా, ఈ ఏడు వేట నువ్వేనేటి?"

మిగిలిన కుండ అందరికీ సమంగా పంచింది. విరిగిన కాలు మీద మాత్రం పడకుండా చూసింది. తర్వాత పక్కన కూచుని తన కొంగుతోనే అతని మొహం తుడిచింది. మడమకు వేరు నూరి కట్టమని ఎవరికో చెప్పింది. అప్పుడు మెల్లగా అడిగింది.

"మా గుంట ఎలాగుంది రా? రాకపోతే రాకపోయింది, ఓ ఫోటో అయినా పంపదేటి? మొకం మర్సిపోతన్నాను. కొత్త ఫోన్లలో ఎంత దూరంలో ఉన్నోలైనా దగ్గిరగా అవుపడతారంట గదా."

కనక మొహం ఉన్న ఒకే ఒక్క ఫోటో ఆమె కాళ్ల దగ్గర, పేడలో, ముక్కలై ఉంది. అది అలా ఉండబట్టే కనక బతికుంది. ఆ రెండు ముక్కలు ఆ తల్లికి చెప్పే హక్కు అతనికి లేదు.

"పంపుద్దిలే అత్తా," అన్నాడు.

వారం తర్వాత చీఫ్ ఆస్పత్రికి వచ్చాడు. మార్టిన్ దొరకలేదు. ప్రసన్న నోరు విప్పలేదు. మిగతా నలుగురిలాగే కనక కూడా పేరు మార్చుకుని ఇంకా దూరం వెళ్లిపోయింది, ఎక్కడికో ఫల్గుణకు చెప్పకూడదు. ఆమె ఇక ఇటువైపు రాకూడదని ఆర్డర్. చెప్పవలసినవన్నీ చెప్పాక దుర్గాప్రసాద్ జేబులోంచి పేపరు తీసి ఒక ప్రకటన చూపించాడు. ఆ కంపెనీ వచ్చే ఏడాది అవే ఫోన్లను బజారులోకి వదులుతోంది. ఎవరైనా కొనుక్కోవచ్చు.

"ప్రతి జేబులో ఒకటి ఉంటుంది ఫల్గుణా. ఇక మన మనుషుల్ని ఎక్కడ దాచాలి?"

ఎన్నిసార్లు స్నానం చేసినా ఫల్గుణ జుట్టులో వాసన ఇంకా పోలేదు. కిటికీలోంచి కొండలవైపు చూశాడు. అంత దూరం నుంచి నీలంగా, చదునుగా, ఎవరూ లేనట్టు ఉన్నాయి.

"దాచలేం సార్. ప్రస్తుతానికి డిపార్ట్‌మెంట్‌కి నాలుగు ఆవుల్ని శాంక్షన్ చేయించండి."