పుల్లారావు కొట్టంలో ఆముదం వాసన

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు డ్రైవరు ఏబేలు. యుద్ధంలో మిలిటరీ లారీలు తోలి వచ్చిన మనిషి, లేనిది కల్పించి చెప్పే రకం కాదు. అందుకే ఆ రోజు వాని మాట విని నాకు నోరు పెగల్లేదు. ఎందుకనేది చివర చెప్తా.

గిద్దలూరులో పుల్లారావు ఇంటి వెనక ఒక కొట్టం ఉంది. పొద్దుగూకితే ఆ సందులో ఇప్పటికీ ఎవరూ నడవరు. అక్కడ బాలింత దెయ్యం ఉందంటారు. ముందు ఆముదం వాసన వస్తుందంట... ఆ వాసన తగిలితే వెనక్కి తిరిగి చూడకూడదంట.

వాళ్లు చెప్పే ఆ బాలింత పేరు తులసమ్మ. పుల్లారావు భార్య. నా చెల్లెలు.

అప్పుడది కొట్టం కాదు, గది. అక్కడే కాన్పయింది. ఆడపిల్ల, సావిత్రి. మూడో రోజు తులసికి జ్వరం ఎత్తుకుంది. డాక్టరమ్మను పిలిపించండని గడపలో నిలబడి అడిగినా. పుల్లారావు తల్లి వెంకటసుబ్బులమ్మ నా మొహం కూడా చూడలేదు.

"మేం కనలేదా, మేం పెంచలేదా? ఆముదం పట్టిస్తే అదే తగ్గుతుంది పో."

ఐదో రోజు పోయింది తులసి. ఈ ఇంటి గడప మళ్లీ తొక్కనని ఆ రోజే ఒట్టు పెట్టినా.

ఆరేళ్లు గడిచినాయి. రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటింది. ఇటు వైపంతా అప్పుడు కర్నూలు జిల్లానే. పుల్లారావు మిలిటరీ వేలంలో ఒక పాత పికప్పు వ్యాను కొని, ఎడ్లు కట్టి లాగించుకొచ్చినాడు. దాన్ని పెట్టను చోటు లేదని తులసి పోయిన గదికి సందు వైపు గోడ పగలగొట్టి, పెద్ద చెక్క తలుపులు పెట్టి, కొట్టం చేసినాడు. శివరాత్రికి దోర్నాల మీదుగా ఘాటు రోడ్డున శ్రీశైలం కొండకు జనాన్ని తోలాలని వాని పంతం. మెకానిక్కు ఎందుకు, ఇంట్లోనే చేసుకుంటానన్నాడు. ఇనప సామాను అమ్మేవాడు ఇంజను విప్పగలడా? విప్పినాడు. మళ్లీ బిగించినాడు కూడా. నాలుగు నట్లు మిగిలితే దుకాణంలో పెట్టి అమ్ముకున్నాడు.

నాది నంద్యాల రోడ్డులో లారీల రిపేరు షెడ్డు. ఒకనాడు సాయంత్రం ఏబేలు వచ్చినాడు.

"కాశయ్యన్నా, బ్రేకు గొట్టాల్లో ఇంజను నూనె పోసినాడు మా పుల్లారావన్న. తొక్కితే బాగానే ఆగుతా ఉంది."

"ఇయ్యాల ఆగుతుంది ఏబేలూ. ఆ నూనెకు లోపల రబ్బరు వాచర్లు ఉబ్బి పాడైపోతాయి. ఘాటు దిగేటప్పుడు తొక్కుతావు... కాలు కిందికి పోతుంది. బండి మాత్రం ఆగదు. పోయి చెప్పు."

చెప్పినాడు. వచ్చిన జవాబు ఇది, ఒక్క అక్షరం నేను కలపలేదు: "మా బావకు నా బండి మీద కూడా ఏడుపేనా? ఏ నూనైనా నూనే. ఆయన్ని పోయి చెల్లెలి సమాధి కాడ ఏడ్వమను."

"నువ్వు తోలొద్దు ఏబేలూ" అన్నా.

"నేను తోలకుంటే ఇంకొకణ్ని పెడతాడన్నా. పద్దెనిమిది మంది ఖాయమైనారు. ముందు సీట్లో సావిత్రి పాపను కూర్చోబెట్టుకుంటాడంట."

ఇక ఏబేలు చూసింది, వాడు చెప్పినట్టే చెప్తా.

శివరాత్రి ఇంక మూడు రోజులుంది. మార్కాపురంలో టైరు బాగు చేయించుకుని రాత్రి రైలుకు దిగినాడు. దాన్ని కొట్టంలో పడేసి పోదామని సందులోకి తిరిగినాడు. అమావాస్య ముందరి చీకటి. కుక్క కూడా అరవలేదు.

మొదట వాసన తగిలింది... ఆముదం.

ఏబేలు ఆగినాడు.

లోపల — టక్.

కీచుమని ఏదో మూలిగింది. తర్వాత... ఉస్స్... అని, ఊపిరి వదిలినట్టు.

టక్ టక్.

మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ — టక్. మళ్లీ ఆ మూలుగు... ఆ ఊపిరి...

టైరు గోడకు ఆనించి, తలుపు చెక్కల సందులో కన్ను పెట్టినాడు. బండి కింద ఎర్రగా దీపం మినుకుమంటా ఉంది. ఆ వెలుగు పైకి సగమే తగులుతా ఉంది. స్టీరింగు ముందర — తెల్లచీర.

ఆడమనిషి. తల వంచుకుని ఉంది. జుట్టు ఊడి మొహం మీద పడింది. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి, స్టీరింగు పట్టుకోలేదు. కాలు మాత్రం... తొక్కుతా ఉంది. వదులుతా ఉంది.

"ప్రభువా..."

గొణిగినాననుకున్నాడు గాని, మాట పైకే వచ్చింది. లోపల దీపం టక్కున ఆరిపోయింది.

ఏబేలు మళ్లీ ఆగింది చర్చి మెట్ల మీదనే.

తెల్లారి టైరు సందులోనే పడి ఉంది. ఏబేలు చెప్పింది విని పుల్లారావు తన తల్లి కాడికి పరిగెత్తినాడు. "అమ్మా, తులసే వచ్చిందే!" ఆమె స్తంభం పట్టుకుని నిలబడింది. మధ్యాహ్నానికి ఎవడో మంత్రగాణ్ని తెచ్చి, ఇంట్లోంచి కొట్టంలోకి పోయే గడపకు ఆరంగుళాల మేకు కొట్టించినారు. తులసమ్మ కట్టుబడిందన్నారు. నా చెల్లెలి పేరు చెప్పి మేకు!

శివరాత్రికి బండి పోయింది. మర్నాడు ఘాటు దిగుతా ఉంటే, మలుపులో రోడ్డుకు అడ్డంగా ఇరుసు విరిగిన ఎద్దులబండి. పక్కన లోయ. ఏబేలు తొక్కినాడు.

ఆగింది. ఎద్దుల కొమ్ములకు మూరెడు దూరంలో ఆగింది.

జనం ఊపిరి పీల్చుకునే లోపల వాసన కమ్మింది. కాలిన చక్రాల్లోంచి... ఆముదం. సావిత్రి ఒక్కతే తండ్రి చొక్కాలో మొహం దాచుకుని గుసగుసగా అడిగిందంట — "నాయనా, అమ్మ బండెక్కిందా?"

అప్పటి నుంచి ఆ పిల్ల కొట్టం వైపు చూసింది లేదు.

ఏబేలు ఇదంతా నా షెడ్డులో కూర్చుని చెప్పినాడు. నాకు నోరు పెగల్లేదన్నా గదా. ఏం చెప్పాల?

ఆ రాత్రి బండి కింద పడుకుని ఉన్నది నేను.

గడప తొక్కలేదు. ఒట్టు తప్పలేదు. గోడకూ కప్పుకూ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది, దాంట్లోంచి దూకినా. మొదటి రాత్రి ఆ నూనె తీసేసి, గొట్టాలు స్పిరిట్టుతో కడిగి, కొత్త వాచర్లు వేసినా. రెండో రాత్రి ఆముదంలో స్పిరిట్టు కలిపి పోసినా. ఆముదం రబ్బరును చెడగొట్టదు. పోసినాక గొట్టాల్లో గాలి తీయాల. దానికి ఇద్దరు కావాల. ఒకరు పైన బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఒకరు కింద నట్టు వదులు చేస్తే గాలి ఉస్సుమని పోతుంది. నాకు రెండో మనిషి లేడు. బ్రేకుకు కట్టె ఆనిస్తే జారిపోతా ఉంది.

అప్పుడు ఇంటి వైపు తలుపు తెరుచుకుంది. వెంకటసుబ్బులమ్మ. మొగుడు పోయిన మనిషి, తెల్లచీర. నిద్ర లేచి అట్లనే వచ్చింది.

అరుస్తుందనుకున్నా. అరవలేదు. నా చేతిలో స్పానరు చూసింది, ఆముదం గిన్నె చూసింది.

"సావిత్రి కూడా పోతా ఉంది గదా" అనింది. బండెక్కి కూర్చుని, "ఎక్కడ తొక్కాల?" అనింది.

ఒక దెబ్బ కొడితే తొక్కు, రెండు కొడితే వదులు అని చెప్పినా. అంతే మా మాటలు. నాలుగు చక్రాలకూ ఆమె తొక్కింది, నేను గాలి తీసినా. అయినా ఆమెను నేను క్షమించలేదు. ఇప్పుడూ క్షమించలేదు.

కొడుక్కు ఎందుకు చెప్పలేదో ఆమెకే తెలియాల. నేను చెప్పలేదు — పుల్లారావు గుమ్మానికి చాకిరీ చేసినాడని ఊరు అనుకుంటుందని. ఆమె పంతానికీ నా పంతానికీ నా చెల్లెలు పదమూడేళ్లు దెయ్యమైంది. బ్రేకు గొప్పతనం తనదేనని పుల్లారావు ఇప్పటికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనీ. చక్రంలో ఒక చుక్క ఆముదం తుడవకుండా వదిలినాను, ఆ వాసన దానిది. ఆ పొరపాటు నాది, దెయ్యానిది కాదు.

పోయిన నెల వెంకటసుబ్బులమ్మ కాలం చేసింది. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలినా.

నాది రెండో తరగతి చదువు. ఈ రాతలో అక్షరాల తప్పులుంటే దిద్దండి, సంగతి మాత్రం మార్చొద్దు. నేనే పోదును గాని గడప తొక్కనని ఒట్టుంది, గోడ దూకే వయసు లేదు. చదువు వచ్చినవాళ్లు ఎవరైనా సావిత్రి కాడికి పోయి ఇది చదివి వినిపించండి. బండిలో కూర్చున్నది మీ జేజి, కింద ఉన్నది మీ మామ, మీ అమ్మ ఏ రాత్రీ ఎవరినీ భయపెట్టలేదని చెప్పండి.

చెప్పినాక గడపలో ఆ మేకు పీకించండి. తుప్పు పట్టి ఉంటుంది, ఊరికే గుంజితే తల తెగి మొద్దు లోపలే ఉండిపోతుంది. చుట్టూ ఆముదం పోసి ఒక రాత్రి నాననీయండి. తెల్లారి పట్టకారుతో తిప్పుతా నిదానంగా లాగండి.

ఆ రాత్రి ఇల్లంతా వాసన వస్తుంది. భయపడొద్దని ముందే చెప్పండి పిల్లకు.