సముద్రంలో పడ్డ చిలక

బెలూను ఎగరెయ్యడం పెద్ద విద్యేం కాదు. దానికి అనుమతి తెచ్చుకోవడమే విద్య. మా విశాఖపట్నంలో ఆకాశం సగం విమానాలది, సగం నేవీది. మధ్యలో మాలాంటి, సరదాకి సొంత రేడియోలు నడుపుకునే హ్యామ్ రేడియో పిచ్చోళ్ళకి కాస్త సందు కావాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో దేవుడికే తెలియాలి. తిరిగాను. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగి, నిద్ర మానుకుని మరీ తిరిగాను. తల ప్రాణం తోకకొచ్చాక ఒకే ఒక్క ఆదివారం ఇచ్చారు.

ఆ ఆదివారం పొద్దున్న పద్మనాభంలో, కోత కోసేసిన మా పొలంలో, నేనూ మా బావమరిది సాయిశంకరూ బెలూను నింపడం మొదలెట్టాం. గ్యాసువాడు సగం ఖాళీ సిలిండరు అంటగట్టాడు. మూతి దగ్గర లీకు. పైగా గాలి ఒకటే తోపు. "శంకరం, పట్టుకోరా! శంకరం, ఒగ్గకురా!" అని అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. బెలూనుకి వేలాడే తెల్ల థర్మోకోల్ పెట్టెలో ఒక కెమెరా, ఒక చిన్న రేడియో పెట్టాం. ఆ రేడియోని మేం చిలక అంటాం. చేతిలో ఉన్న సెట్లో మనం ఒక మాట మాట్లాడితే, అది విని, ఆ మాటనే ఒక్కసారి తిరిగి పలుకుతుంది. అంతే దాని పని.

పెట్టె విజయనగరం అవతల చేలల్లో దిగుతుందని కంప్యూటరు అరచేతిలో వైకుంఠం చూపించింది. పైకెళ్ళాక గాలి తిరిగింది. బెలూను మబ్బులు దాటి, పగిలి, పెట్టె పారాచూట్‌తో దిగి దిగి, పోయి పోయి సముద్రంలో పడింది. సిగ్నల్ని బట్టి చూస్తే, సరిగ్గా జాలరిపేటకి ఎదురుగా! నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకుముందు రెండు బెలూన్లు ఇలాగే సముద్రం పాలయ్యాయి. ఇదీ పోతే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అనుమతి అడగను?

"పడవేసుకుని ఎల్లి తెచ్చీద్దాం," అన్నాను కారు తోలుతూ.

శంకరం సీటు బెల్టు బిగించుకున్నాడు. వాడికి ఈత రాదు. పొద్దున్న బయల్దేరేటప్పుడు మా ఆవిడ నీలిమ ఒక్కటే చెప్పింది. "నాకున్నది ఒక్కడే తమ్ముడు. ఆణ్ణి నీళ్ళకాడికి మాత్రం తీసుకెల్లకండి." పొలానికి వెళ్తుంటే నీళ్ళ గొడవేంటని నవ్వేశాను.

మేం చేరేసరికి సాయంత్రమైంది. ఒడ్డంతా ఎండుచేపల వాసన, డీజిలు వాసన. ఎల్లారావు అనే ఆయన తన చిన్న బోటు తీస్తానన్నాడు. ఆయన భార్య పోతమ్మ ఇసకలో కూర్చుని వల చిక్కులు తీస్తోంది. "బుడగ కోసం సంద్రంలోకి ఎల్తారేటి బాబూ! పిల్లలు నయం," అని నవ్వింది.

పెట్టె ఎటువైపు ఉందో కనిపెట్టాలంటే ఒకడు ఒడ్డున పెద్ద యాంటెన్నా పట్టుకుని నిలబడాలి. ఆ పని నాకే వచ్చు. బోటెక్కాల్సింది శంకరమే.

"నానెల్లను బావా."

"నీళ్ళమీద తేలే పెట్టెని ఒంగి తియ్యడానికి ఈతతో పనేటిరా? ఎక్కు!"

పడినా తేలేలా వాడి నడుముకి ఒక ఖాళీ క్యాను నేనే కట్టి, చేతికో సెట్టు ఇచ్చాను. వాడు ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు. చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాను.

బోటు వెళ్ళింది. పొద్దు కొండల వెనక్కి జారుతోంది. కాసేపటికి నీళ్ళమీద మంచు లేచింది. దూరంగా లంగరేసిన ఓడల దీపాలు ఒక్కొక్కటే మాసిపోయాయి. తర్వాత బోటూ కనబడలేదు. ఇంజను చప్పుడు మాత్రం టకటకమని వినబడుతూ ఉండేది. అదీ ఆగింది. ఇక సెట్లో గరగర తప్ప ఏమీ లేదు.

"బావా..." శంకరం గొంతు. గుసగుసలాడుతున్నాడు. "నన్ను పిలిసినావేటి?"

"నేదు."

"సెట్లో ఎవులో పిలుత్తన్నారు. సాయిశంకర్ అని, నిండు పేరెట్టి... ఎల్లారావు పలకొద్దంటన్నాడు. సంద్రం మీద పేరెట్టి పిలిస్తే పలక్కూడదంట."

నా సెట్లో అలాంటి పిలుపేమీ రాలేదు. అయినా చిర్రెత్తుకొచ్చింది. పొద్దున్నుంచీ పడ్డ చిరాకంతా వాడిమీద కక్కేశాను. "చిలకరా అది! పొద్దున్న నాను అరిసిందే దాసుకుని వదుల్తంది. రేడియో పట్టినోడివి, పిలిస్తే పలక్కపోడమేటి? పలుకు!"

గరగర...

"ఆఁ... నానే."

చిలక తిరిగి పలికింది. "ఆఁ... నానే."

అది దాని పని. ఒక్కసారే పలకాలి. ఒక్కసారే.

"నానే..."

ఆగింది.

"నానే... నానే..."

పలికినకొద్దీ ఆ గొంతులో గరగర తగ్గుతోంది. చివరికి వాడు నా పక్కన నిలబడి మాట్లాడినంత శుభ్రంగా వినబడింది. తర్వాత ఏమీ లేదు. అప్పుడు తట్టింది నాకు. పొద్దున్నంతా నేను అరిచింది శంకరం అని. సాయిశంకర్ అని వాణ్ణి నేనెప్పుడూ పిలవను.

"ఎనక్కొచ్చీరా! పెట్టె ఒగ్గీ! శంకరం, వినబడతందా?" బటన్ నొక్కి నొక్కి వేలు నొప్పెట్టింది. జవాబు లేదు. గాలిమీద కోపం, గ్యాసువాడిమీద కోపం, అందరికన్నా నామీద నాకు కోపం. నీలిమకి ఏం చెప్పను?

టకటక... ఇంజను చప్పుడు!

బోటు మంచులోంచి బయటికొచ్చింది. వెనక ఇంజను దగ్గర ఎల్లారావు. ముందు, ఒళ్ళో తెల్లపెట్టె పెట్టుకుని శంకరం. నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్ళలోకి పరిగెత్తి, నోటికొచ్చినట్టు తిట్టి, వాణ్ణి గట్టిగా వాటేసుకున్నాను. ఒళ్ళు చల్లగా ఉంది.

"సెట్టేదిరా?"

"నీళ్ళలో పడిపోనాది బావా."

నడుముకి కట్టిన క్యాను కూడా లేదు.

ఎల్లారావు నన్ను పక్కకి పిలిచాడు. "ఒంగి పెట్టె అందుకున్నాడు బాబూ. బోటు ఊగిపోనాది. మంచులో ఆడు నాకు కనపళ్ళేదు. మళ్ళీ సూసేతలికి కూకునున్నాడు." అంతే చెప్పి తాడు కట్టడానికి వెళ్ళిపోయాడు. శంకరం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పెట్టె తెరిచాను. కెమెరా పొడిగానే ఉంది. చిలక బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకున్నాను; ఇక అది పలకదు. ఇన్నాళ్ళ పాట్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు నా చేతిలో సెట్టు గరగరమంది.

"బావా..."

నేను కదల్లేదు. నా పక్కన శంకరం ప్యాంటు అంచు పిండుకుంటున్నాడు. నోరు మూసే ఉంది.

"బావా... క్యాను పట్టుకునున్నాను. బోటు ఎలిపోనాది..."

శంకరం తలెత్తాడు. "పలక్కు బావా," అన్నాడు నెమ్మదిగా.

పోతమ్మ వల వదిలేసి దగ్గరికొచ్చింది. ఇప్పుడు నవ్వడం లేదు. "ఎన్నిసార్లు పిలిసినాది బాబూ?"

"రెండు."

"అయితే ఊరుకో. దెయ్యం మూడోసారి పిలవదు. మనిసైతేనే పిలుత్తాడు."

ఒక అల వచ్చి పోయింది. ఇంకోటి... శంకరం నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు బిగుస్తోంది. "ఇంటికెలిపోదాం బావా. అక్క ఎదురుసూత్తంటాది."

"బావా..." సెట్లో ఏడుపు, మూడో పిలుపు. "నాకు ఈత రాదు బావా..."

ఆపదలో ఎవరు పిలిచినా పలకాలి. రేడియో పట్టినవాడు మొట్టమొదట నేర్చుకునేది అదే. చెయ్యి విదిలించుకుని బటన్ నొక్కాను.

"శంకరం! ఎక్కడున్నావురా?"

బటన్ వదిలాను.

సెట్లోంచీ, నా భుజం వెనకనుంచీ ఒకేసారి జవాబొచ్చింది.

"ఇక్కడే బావా."