ఒక్క శ్రోత ఎక్కువైంది

కుర్చీలో కూర్చున్న పేరిందేవి చెవి వెనక బిళ్లకి డాక్టర్ సన్యాసిరాజు సన్నటి వైరు తగిలించాడు. ఆవిడ కళ్లు మూసుకుని లోపల్లోపల గోవింద నామాలు చెప్పుకుంటోంది. పక్కన నిలబడ్డ మేనల్లుడు శ్రీవత్స గోళ్లు కొరుక్కుంటున్నాడు. పరీక్ష ఎవరికో చూసేవాళ్లకి అనుమానం వచ్చేలా ఉంది వాడి వాలకం.

“నా పాట ఎంతమంది విన్నారో ఖాయంగా తేలిపోతుందా, సార్?” అని అడిగాడు వాడు.

“తేలుతుంది. మీ చుట్టాల మీటర్లన్నీ ఇప్పుడే కలిపి చూస్తున్నాను. కంగారుపడకు,” అన్నాడు డాక్టర్.

విశాఖపట్నంలో ఇప్పుడు చెవి వెనక ఈ బిళ్ల లేని మనిషి లేడు. దాని పేరు వినికిడి మీటర్. పాట నిజంగా మనసులోకి దిగినప్పుడు మెదడులోని విద్యుత్ తరంగాలు ఆ తాళానికి అడుగు కలుపుతాయి. కలిశాయా, పాటగాడి ఖాతాలో ఒక శ్రోత పడతాడు. పాట మోగుతుంటే ఊరికే చెవులొప్పగించి కూర్చుంటే పడడు. సినిమాల అండ, కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే కుర్రకారుకి దొంగ లైకుల బెడద పోవాలని, అసలు శ్రోతలెవరో తెలియాలని సన్యాసిరాజు దాన్ని కనిపెట్టాడు. పాపం, మంచి బుద్ధితోనే.

అంకె చేతికొచ్చాక ఊరు దాన్ని తలకిందులుగా చదవడం మొదలుపెట్టింది. లక్షమంది విన్నవాడు సంత సరుకు. పదిమంది విన్నవాడు కళాకారుడు. అసలెవరూ విననివాడు మహానుభావుడు. బీచ్ రోడ్డు కాఫీ షాపుల్లో గడ్డాలు నిమురుకుంటూ “వాడెవరో నీకింకా తెలీదా?” అని ఒకరినొకరు గుచ్చుకునేవాళ్లు. కొత్త గాయకుణ్ణి వెతికి పట్టుకుని పరిచయం చేసుకోవడం గొప్ప. పక్కన నిలబడి ఫోటో దిగడం, చొక్కా మీద వాడి పేరు అచ్చేయించుకోవడం ఇంకా గొప్ప. పాట వినడం మాత్రం అపచారం. వింటే అంకె పెరిగిపోదూ!

రుషికొండలో ఏటా జరిగే అజ్ఞాతోత్సవంలో అందరికన్నా తక్కువమంది విన్నవాడికి పెద్ద వేదిక ఇస్తారు. శ్రీవత్స ఖాతాలో మొన్నటిదాకా సున్నా. వేదిక తనదేనని కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాడు.

అంతలో ఇది జరిగింది. ఆ కుటుంబంలో ఏది దాచాలన్నా పేరిందేవి దగ్గరే. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, ఏ తాతగారు ఏ కీర్తనకి కళ్లనీళ్లు పెట్టుకునేవారో అన్నీ ఆవిడ తలలోనే ఉంటాయి. శ్రీవత్స తన పాటని కూడా భద్రంగా ఉంచమని ఆవిడకే ఇచ్చాడు. ఆవిడేమో ధనుర్మాసంలో కూడారై పండుగనాడు పూజకొచ్చిన చుట్టాలందరినీ కూర్చోబెట్టి, ఆరగింపు అవగానే, “మా వత్స కట్టిన పాట, వినండి,” అని హాలంతా మోగేలా పెట్టేసింది. అంతమంది ఒక్కచోటే ఉండేసరికి ఖాతాలో అంకె తేలక ఆగిపోయింది, అందుకే ఈ పరీక్ష.

“నేనేం పాపం చేశాన్రా? మనవాళ్లు వినాలనుకున్నాను,” అంది ఆవిడ కుర్చీలోంచే.

“అదే అత్తా, అదే పాపం! నా బతుకు బుగ్గి చేసేశావు.”

యంత్రం చిన్నగా మోగింది. డాక్టర్ తెర వంక చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ఒకటి,” అన్నాడు.

“ఒకటా? హాలు నిండా జనం ఉన్నారు కదా, సార్!”

“ఉన్నారు. వినలేదు.”

పేరిందేవికి అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడు గాజువాక స్థలం రేటు చెబుతున్నాడు. రంగనాయకి ఎవరిదో చీర అంచు తిరగేసి చూస్తోంది. మిగిలినవాళ్ల చేతులకి పొంగలి నెయ్యి, కళ్లకి ఫోన్లు. పాట అవగానే మాత్రం అందరూ “అద్భుతం, అద్భుతం” అన్నారు.

“ఒక్కళ్లేనా! బతికించారు!” శ్రీవత్స గెంతులేశాడు. గెంతుతూనే ఆగిపోయాడు. “కానీ సార్, తిమిరం ఖాతాలో సున్నా ఉందే.”

తిమిరం అనేది ఓ కుర్రాడు తనకి తాను పెట్టుకున్న పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎవరికైనా తెలుస్తుందేమోనని వాడి భయం.

శ్రీవత్స అత్త వైపు తిరిగాడు. “ఆ ఒక్కటీ ఈవిడే కదా. తీసెయ్యడానికి వీల్లేదా?”

డాక్టర్ ఇబ్బందిగా కదిలాడు. “పాట జాడని మెదడులోంచి చెరిపెయ్యొచ్చు. చెరిపితే ఖాతాలోంచీ పోతుంది. కాకపోతే దానితో ముడిపడ్డ జ్ఞాపకాలు కూడా ఊడొస్తాయి. అమ్మా, ఆ పాట వింటున్నప్పుడు మీకేం గుర్తొచ్చింది?”

“మా అమ్మ,” అంది పేరిందేవి మెల్లగా. “తులసిమాల కడుతూ కూనిరాగం తీసేది. చివర గొంతు ఇంకాస్త సాగదీసి వదిలేది. వీడి పాటలో అదే ఉంది. వీడు పుట్టకముందే పోయింది మా అమ్మ. ఎలా వచ్చిందో మరి వీడికి.”

“చూశావా అత్తా, ఆవిడెలాగూ లేదు. ఒక్క రాగం పోతే ఏమైపోతుంది? నా కెరీర్ అత్తా!”

పేరిందేవి చెవి వెనక వైరు తనే తీసి డాక్టర్ చేతిలో పెట్టింది. “మా అమ్మని ఇంట్లోంచి ఒకసారి పంపించాం నాన్నా. నీ తిరనాళ్ల కోసం తలలోంచి కూడా పంపించలేను.”

వేదిక తిమిరానికి దక్కింది. అలిగిన మేనల్లుణ్ణి ఒంటరిగా పంపలేక పేరిందేవి కూడా రుషికొండ వెళ్లింది. వేలమంది టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. తిమిరం గిటార్ తగిలించుకుని వెలుగులోకి వచ్చి నిలబడ్డాడు. పాడలేదు. పాడితే సున్నా పోతుంది. అలా చాలాసేపు నిలబడ్డాడు. జనం కళ్లు ఒత్తుకున్నారు.

“ఎప్పుడు పాడతాడమ్మా?” అని పేరిందేవి పక్కనున్న పిల్లని అడిగింది.

“ఆంటీ, ప్లీజ్! ఫీల్ అవ్వండి,” అంది ఆ పిల్ల.

తిరిగొచ్చాక శ్రీవత్స వచ్చే ఏడాది కోసం కొత్త ఖాతా, కొత్త పేరు, కొత్త పాట మొదలుపెట్టాడు. అత్త ఇంటి వెనక గదిలో తలుపేసుకుని పాడుకునేవాడు. “అత్తా, నువ్వు వంటింట్లోనే ఉండు. ఇటు చెవి కూడా పెట్టకు,” అని ఒట్టు వేయించుకోబోతే ఆవిడ దేవుడి మీద ఒట్లు వెయ్యనంది.

వాడు గొంతెత్తిన రోజు పేరిందేవి చెవి వెనక బిళ్ల ఊడదీసి రుబ్బురోలు మీద పెట్టింది. మీటర్ తీసేసి వినొచ్చన్న ఆలోచన అంత ఊళ్లోనూ ఎవరికీ రాలేదు. పాట కావలసినవాళ్లకి కదా రావడం! ఆవిడ చేతులు తుడుచుకుని తలుపు అవతల గోడకి ఆనుకుని, చివరిదాకా విని, వెళ్లి మళ్లీ బిళ్ల పెట్టుకుంది.

శ్రీవత్స ఫోన్ చూసుకుంటూ బయటికొచ్చాడు. “సున్నా, అత్తా! ఒక్క ప్రాణి కూడా వినలేదు!”

“సంతోషం నాన్నా,” అంటూ ఆవిడ గిన్నెలో దద్ధ్యోదనం పెట్టి ఇచ్చింది. “రెండో చరణం ఆఖర్న తొందరపడ్డావు. మీ నాయనమ్మయితే అక్కడ కాస్త ఆగేది.”

వాడి మొహం పాలిపోయింది. గబగబా మళ్లీ ఫోన్ చూశాడు. సున్నా సున్నాగానే ఉంది.

“హమ్మయ్య,” అని గిన్నె అందుకున్నాడు.