దర్జీ మావయ్య లేని టేపు

"నాన్నా, విన్నావా లేదా?" కూతురు అడగడం ఇది మూడోసారి.

కూతురి కంప్యూటరుకు తగిలించిన హెడ్‌ఫోన్లు తండ్రి చెవులకు ఉన్నాయి. చేతులు మాత్రం రొట్టెకు వెన్న రాస్తున్నాయి. ఒక్క ముక్కకు పావుగంటసేపు వెన్న రాసే మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పైగా ఆయన వింటున్న టేపు మధ్యాహ్నంలోగా రికార్డు కంపెనీకి పంపాలి.

"విన్నాను," అన్నాడు చివరికి.

"బాగుందా?"

"ఊఁ."

"అయితే ఈ ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టు."

"పెడతాలే. తిననీ ముందు."

వంటింట్లోంచి తల్లి అందుకుంది. "ఆయన చేత అవుననిపించడం కంటే ఆ గోడ చేత అనిపించడం తేలికే. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, నాకు తెలుసు."

ఆ నలభై ఏళ్లూ ఆయన శాక్సఫోన్ వాయించాడు. హోటళ్లలో, క్లబ్బుల్లో, ఎవరెవరి పాటల వెనకో జాజ్ వాయించాడు గానీ తన పేరున ఒక్క రికార్డూ లేదు. ఇప్పుడు ఊపిరితిత్తులు సహకరించడం లేదు. మిగిలినవల్లా ఆదివారాలు స్నేహితులతో కలిసి ఈ ముందుగదిలోనే వాయించుకున్న ముప్పై ఏడు టేపులు. భోజనాల బల్ల గోడకు జరిపి, పక్కింటివాళ్లు గొడవకు రాకుండా డ్రమ్ముల మీద దుప్పటి కప్పి, టేప్‌రికార్డరు మీట నొక్కి వాయించేవారు. పియానో వాయించిన పళ్ల డాక్టరూ, బేస్ వాయించిన పోస్టుమానూ పోయారు. డ్రమ్ములు వాయించిన దర్జీ మావయ్య మాత్రం వీధి చివర కొట్లో ఇంకా కోట్లు కుడుతూనే ఉన్నాడు.

కంపెనీవాళ్లు టేపులు విని రికార్డు వేస్తామన్నారు. డ్రమ్ములు తాళానికి వెనకపడుతున్నాయి, వాటిని మాత్రం మార్చాలన్నారు. కూతురు పనిచేసేది రికార్డింగ్ స్టూడియోలోనే. వారం రోజులు సెలవు పెట్టి, కంప్యూటరులో దర్జీ మావయ్య దెబ్బలన్నీ ఏరి తీసేసి, వాటి చోట స్టూడియో డ్రమ్మరు చేత వాయించి పెట్టింది. ఒక్క దెబ్బ అటూ ఇటూ పోలేదు.

తండ్రి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో నేను బాగాలేనమ్మా."

"నువ్వు బాగాలేకపోవడమేమిటి?"

"ప్రతి వరసకీ తడబడుతున్నాను. తాగినవాడు మెట్లెక్కినట్టుంది. నీకు వినబడలేదా?"

వినబడకేం. డ్రమ్ములు ఎంత సరిగ్గా కుదిరితే తండ్రి వాయిద్యం అంత కుంటుతున్నట్టు ఆమెకూ మూడు రోజులుగా తోస్తూనే ఉంది. టేపు పాతదనుకుంది, మిషను మంచిది కాదనుకుంది, చివరికి ఆయనకు అప్పట్లోనే వయసు మీద పడిందేమో అని కూడా అనుకుంది. ఆ మాట పైకి అనలేక లోలోపల ఉడికిపోతోంది.

"టేపు పాతది నాన్నా."

"టేపు కాదు. వాణ్ణి తీసేశావు."

"తీసేయక ఏం చెయ్యను? మావయ్యకు తాళం నిలవదని నువ్వే వెయ్యిసార్లు అన్నావు."

"నేను అంటాను. నువ్వు అనకూడదు."

ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. "నీకోసం కాదూ ఇదంతా? అసలు నీకు రికార్డు రావాలని ఉందా లేదా, అది చెప్పు."

"ఉంది. పోయేలోగా అట్ట మీద నా పేరు చూసుకోవాలని ఎంత ఉందో నీకేం తెలుసు?"

తలుపు తీసుకుని దర్జీ మావయ్య లోపలికి వచ్చాడు. మెడలో కొలతల టేపు, చేతి మీద సగం కుట్టిన నల్లకోటు. అట్ట మీద వేసే ఫొటో కోసం ఆయన ఎవరూ అడగకుండానే మొదలుపెట్టిన కోటు అది. "లేచి నిలబడరా, భుజాలు చూడాలి," అని స్నేహితుడికి కోటు తొడిగి, నోట్లో గుండుసూదులు పెట్టుకున్నాడు.

తల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఇక నువ్వే చెప్పుకో అన్నట్టు కూతురి వంక చూసింది.

"మావయ్యా," అంది కూతురు, నీళ్లు నమలకుండా అనేయాలని. "టేపుల్లో డ్రమ్ములు మార్చాం. కంపెనీవాళ్లు అడిగారు."

ఆయన సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి కోటుకు గుచ్చాడు. "ఎవరు వాయించారు?"

"స్టూడియోలో ఒకాయన."

"బాగా వాయించాడా?"

"తప్పుల్లేవు."

"అయితే మంచిదేగా. చెయ్యెత్తరా," అని చంక దగ్గర కొలత చూశాడు. అదే కొలత మళ్లీ చూశాడు. ఆ తర్వాత, "ఒకసారి వినొచ్చా?" అన్నాడు.

నిలబడే విన్నాడు. కుట్టుమిషను తొక్కీ తొక్కీ అరిగిన కుడిపాదం నేల మీద కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"మంచి చెయ్యి," అన్నాడు. "కానీ మీ నాన్న కోసం ఆగడం లేదు తల్లీ."

"ఆగడమేమిటి?"

"వీడు మలుపు దగ్గర నెమ్మదిస్తాడుగా. మొదట్నించీ అంతే. చెబితే నొచ్చుకుంటాడని నేనే కాలు బిగబట్టి ఆగేవాణ్ణి."

తండ్రి కోటుతో సహా గిర్రున తిరిగాడు. "ఎవరు, నేనా? నువ్వు వెనకపడుతున్నావని, నలుగురిలో నవ్వులపాలవుతావని నేను ఆగేవాణ్ణిరా."

"నువ్వా ఆగింది?"

"ముప్పై ఏళ్లు ఆగాను."

తల్లి కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే. కూతురికి నవ్వు రాలేదు. తండ్రి ప్రతి వరసకీ ముందు ఒక్క లిప్త ఆగడాన్ని వినేవాళ్లు ఎంత మెచ్చుకునేవారో ఆమె చిన్నప్పటినుంచి విన్నది. అది ఆయన శైలి అనుకున్నారు అందరూ. ఒకరి కోసం ఒకరు ఆగిన ఆ కాస్త చోటునే ఆమె వారం రోజులు కూర్చుని తుడిచేసింది. ఆ సంగతి తెలిసేసరికి కళ్లలో నీళ్లు నిండాయి.

కంపెనీకి ఫోను చేసింది. "డ్రమ్ములు మార్చడం లేదండీ. ఉన్నవి ఉన్నట్టు వేస్తారా?"

అవతలి మనిషి నసిగాడు. అలాగైతే కుదరదన్నాడు.

ఆమె ఫోను చేత్తో మూసి తండ్రి వైపు చూసింది. ఈసారి ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "వద్దని చెప్పు."

"నాకోసం పాడుచేసుకోకురా," అన్నాడు దర్జీ.

"నీకోసమెవడు చేశాడు? అందులో బాగాలేంది నేను. నోరు మూసుకుని కోటు కుట్టు."

"ఫొటో లేనిదే కోటెందుకు?"

"తొడుక్కుంటాను."

కోటు చేతులు ఎంత పొడవుండాలో తేలకముందే మళ్లీ పాత తగువులోకి దిగారు. తేలే దారి కనబడక ఇద్దరూ ఆమె మీద పడ్డారు.

"నువ్వు కంప్యూటర్లో దెబ్బ దెబ్బా చూశావుగా," అన్నాడు తండ్రి. "చెప్పు, వెనకపడింది ఎవరు?"

ఆమెకు తెలుసు. కంప్యూటరు తెర మీది గీతల్లో స్పష్టంగా ఉంది. ముప్పై ఏడు టేపుల్లోనూ ప్రతిసారీ మొదట వెనకపడింది ఒక్కరే.

"తెలియలేదు నాన్నా," అంది.

"కంప్యూటర్‌కి కూడా తెలియలేదా?" అన్నాడు దర్జీ మావయ్య.

"కంప్యూటర్‌కి కూడా," అని దాన్ని మూసేసి కళ్లు తుడుచుకుంది.

పెద్దవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆమె చదువు మీద జాలిపడ్డారు.