దీపం ఆర్పకండి

ఆ పల్లం మాట పొద్దుగూకాక ఎవరూ ఎత్తరు.

అడవి నడిబొడ్డున, రెండు గుట్టల మధ్య, దోసిలి పట్టినట్టు ఉంటుందట. చెట్ల మీద చెట్లు, తీగల మీద తీగలు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ మసక చీకటే. పైన వాన వెలిసినా కింద ఆకుల వాన ఆగదు. దారి తప్పి దిగినవాళ్ళు దిగినట్టే పోయారంటారు. అందులోకి ఏ రేడియో సెట్టు పట్టుకెళ్ళినా గొంతు నొక్కేసినట్టు మూగబోతుందంటారు.

అది సగం భయం. మిగతా సగం ఏమిటంటే... మూగబోయిన ఆ సెట్టు, రాత్రిపూట, తనంతట తాను మాట్లాడుతుందట.

ఊళ్ళో హ్యామ్ రేడియో సరదా ఉన్న కొద్దిమందిలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఉండేది. పగలంతా జనం చేత నోళ్ళు తెరిపించడం, సాయంత్రమైతే తాను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళతో కబుర్లు చెప్పడం. ఆ పిచ్చి అంటించింది ఆవిడ మేనమామ. ఆయన్ని అందరూ పిట్టల మాస్టారు అంటారు. బడి ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచి పిట్టల కూతలు రికార్డు చేయడమే ఆయన లోకం. మేనకోడలికి పలక పట్టించకముందే మోర్స్ పట్టించాడు. ఒక పొట్టి చప్పుడు, ఒక పొడుగు చప్పుడు... ఆ రెంటితోనే ఏ మాటైనా పలికించే విద్య.

ఆ మాస్టారు ఏదో పిట్ట ఆ పల్లంలోనే కూస్తుందని ఒంటరిగా వెళ్ళాడు. బరువెందుకని జేబులో పట్టే వాకీటాకీ ఒక్కటే తీసుకెళ్ళాడు. తిరిగి రాలేదు.

వెతకడానికి ఒక జట్టు వెళ్ళింది. ఒక్క రాత్రి ఉండి, తెల్లారగానే పడుతూ లేస్తూ వచ్చేసింది. పగలంతా గాలిస్తే ఆనవాలు లేదు. రాత్రి గుడారంలో కూర్చుంటే, చచ్చినట్టు పడున్న సెట్టు గరగరలాడింది. "దీపం ఆర్పకండి" అంది. ఆడో మగో తెలియనంత సన్నటి గొంతు. తడితడిగా. ఎవరు నువ్వంటే జవాబు లేదు. మళ్ళీ అదే మాట. వాళ్ళలో ఒకడు లాంతరు ఆర్పేశాడు — గొంతు ఆగిపోయింది. వెలిగించారు — మళ్ళీ మొదలైంది. ఇక దీపం ఆర్పేసి, తెల్లారేదాకా చీకట్లోనే ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

మాస్టారు పోయాడు, దెయ్యమై తిరుగుతున్నాడు అని ఊరంతా తీర్మానించేసింది. దీపం ఆర్పేస్తే అది ఏమీ చేయదని మందు కూడా కనిపెట్టింది.

అత్తయ్య మాత్రం, అంటే మాస్టారి భార్య, డాక్టరమ్మ ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"దెయ్యమైతే దెయ్యమే అయింది. అది మీ మామయ్యో కాదో తెలుసుకుని రా తల్లీ."

ఆ సాయంత్రమే భోజనాల బల్ల మీద సామానంతా పరిచింది డాక్టరమ్మ. తోడు వస్తానన్నది ఆవిడ అక్క మొగుడు. రోడ్ల సర్వేయరు, అడవి నడక అలవాటున్నవాడు, నోటికి తాళం లేనివాడు. ఆ సామానంతా చూసి, మనం వెళ్ళేది వెతకడానికా, కాపురం పెట్టడానికా అన్నాడు. రెండు వాకీటాకీలు పట్టుకుపోతే సరిపోదా అన్నాడు.

సరిపోదని చెప్పింది. మైదానంలో అవి గుర్రాలే గానీ అడవిలో కుంటివి. తడి ఆకు వాటి మాటను ఇసుక నీళ్ళు తాగినట్టు తాగేస్తుంది. "ఆ పల్లంలో దీని మాట, మనిషి కేకేస్తే వినపడేంత దూరం కూడా పోదు బావా," అంది.

ఇంట్లో వాడే పెద్ద సెట్టును పక్కన పెట్టేసింది. దానికి మోయలేనంత బ్యాటరీ కావాలి. అద్దం మీద వేలు ఆడించే కొత్తరకం సెట్టునూ వద్దంది. వానలో తడిసిన వేళ్ళకు ఆ అద్దం పలకదు. చివరికి చేతిలోకి తీసుకున్నది ఎప్పటిదో ఒక చిన్న షార్ట్‌వేవ్ సెట్టు. టిఫిన్ డబ్బా అంత. గట్టి బొత్తాలు, మోర్స్ కొట్టే మీట, చుట్ట చుట్టిన పొడుగాటి తీగ. చెట్ల మధ్య నుంచి అడ్డంగా పోలేని మాట ఈ తీగను కింద కడితే నిట్టనిలువుగా పైకి లేస్తుందనీ, ఆకాశాన తగిలి వానలా చుట్టూ రాలుతుందనీ చెప్పింది.

ఆకాశానికి మొరపెట్టుకోవడమంటే ఇదేనన్నమాట అన్నాడు బావ. అని, మారుమాట్లాడకుండా బ్యాటరీలు తన సంచిలో సర్దుకున్నాడు.

చెమ్మ పీల్చే పొట్లాలు వేసి, రబ్బరు అంచున్న పెట్టెలో సెట్టును బిగించింది. దగ్గరి మాటలకని వాకీటాకీలు కూడా పెట్టింది. వాటిని మాస్టారి సెట్టు మాట్లాడే ఫ్రీక్వెన్సీకే తిప్పి ఉంచింది. ఎందుకో బావ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

దారి చూపడానికి తేనె తాత ఒప్పుకున్నాడు. తేనెపట్ల కోసం ఆ అడవంతా తిరిగినవాడు. ఒకే షరతు పెట్టాడు... ఆ గొంతు వస్తే దీపం ఆర్పేయాలి.

పల్లంలో చదునుగా, కాస్త పొడిగా ఉన్న జాగా ఒక్కటే. చుట్టూ వాగు హోరు. ఎవరు దిగినా అక్కడే గుడారం వేయాలి. పాత జట్టు పాతిన గూటాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో ఒకదానికి చిరిగిన గుడ్డ వేలాడుతోంది. కింద నేల మెత్తగా, అడుగు వేస్తే కొద్దిగా ఊగినట్టుంది. అంతా వేళ్ళ అల్లిక, దాని మీద ఆకుల పొర.

వెలుతురుండగానే తీగను నడుమెత్తున రెండు చెట్లకు కట్టింది. అందరూ కొమ్మల మీదకు ఎక్కిస్తారు గదమ్మా అన్నాడు తాత. మీట కొట్టింది. చాలాసేపు చినుకుల చప్పుడే. తర్వాత... సన్నగా, ఎంతో దూరం నుంచి... తిరుగు చప్పుడు. వాళ్ళ హ్యామ్ రేడియో క్లబ్బులోని టైలరు. కుట్టుమిషను పక్కనే సెట్టు పెట్టుకుని కూర్చున్నాడట. వినపడుతోంది, రాత్రంతా మేలుకునే ఉంటాను అన్నాడు.

పల్లం నోరు ఒక్కసారి తెరుచుకున్నట్టయింది. బావ ఊపిరి వదిలాడు.

చీకటి పడింది. పడిందంటే... మూత వేసినట్టు పడింది. లాంతరు వెలిగించారు. వాకీటాకీలు రెండూ మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. బావ కూడా జోకులు మానేశాడు.

వాగు హోరు. ఆకుల నుంచి చినుకులు. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు...

సెట్టు గరగరలాడింది.

"దీపం... ఆర్పకండి."

తాత చెయ్యి లాంతరు మీదకు పోయింది. డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యీ చల్లగానే ఉంది.

"దీపం... ఆర్పకండి."

మామయ్యా అని సెట్టులో పిలిచింది. మళ్ళీ పిలిచింది. జవాబు లేదు. అదే మాట, అదే తడి గొంతు. మన మాట దానికి పట్టదమ్మా, మనుషుల్లా పలుకుతుంది గానీ మనుషుల మాట వినదు అని గొణిగాడు తాత.

వినదు... ఆ మాట దగ్గర ఆవిడ ఆగింది. వినదా, వినలేదా? ఈ చెమ్మలో ముందు చచ్చేది సెట్టు స్పీకరే. మాట్లాడే గొట్టం బతికుండి, వినే గొట్టం చస్తే...

ఆ వెంటనే ఇంకో మాట తట్టింది. ఈ అడవిలో ఈ సెట్టు మాట కేకేసినంత దూరం కూడా పోదని చెప్పింది తనే. అంటే మాట్లాడుతున్నదేదో... ఆ కేకేసినంత దూరం లోపలే ఉంది. ఇక్కడే. చుట్టూ.

బావకూ అదే తట్టినట్టుంది. మెల్లగా తల తిప్పి గుడారం గుడ్డకేసి చూశాడు.

వినలేకపోయినా దీపం కనిపిస్తోందిగా అని, లాంతరు తన ఒళ్ళోకి తీసుకుంది డాక్టరమ్మ. దాని ముందు కొంగు అడ్డం పెట్టింది. తీసింది. పెట్టింది. పొడుగు, పొట్టి... పొట్టి, పొడుగు... నేనే, మేనకోడల్ని, అని వెలుగుతో చెప్పింది.

సెట్టు ఆగిపోయింది.

తాత పెదవులు ఏదో జపిస్తున్నాయి.

"అమ్మాయ్," అంది ఆ గొంతు. "నువ్వా?"

పిలిస్తే పోకూడదమ్మా, మనిషిని గుర్తుపట్టినదే ఎక్కువ ప్రమాదం అంటూ తాత ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం కొంగాడిస్తూనే ఉంది. ఎక్కడున్నావు అని అడిగింది.

"చీకటి... నీళ్ళు కారుతున్నాయి... తెలీదు."

మాట్లాడుతూనే ఉండు అని చెప్పింది. ఆ గొంతు ఏం మాట్లాడాలో తోచక కాబోలు, పిట్టల పేర్లు చదవడం మొదలెట్టింది. వడ్రంగిపిట్ట... లకుముకి... గుడ్లగూబ... మధ్యలో ఊపిరి తెగుతోంది. ఆ చీకట్లో ఆ పేర్లు వింటుంటే దీపం ఆర్పకండి అన్నదే నయమనిపించింది బావకు.

వాకీటాకీని గుండెకు అదుముకుని డాక్టరమ్మ బయటికి నడిచింది. మనిషి ఒళ్ళు అడ్డమొస్తే సెట్టుకు మాట సన్నగిల్లుతుంది. వీపు ఏ వైపు ఉన్నప్పుడు గొంతు తగ్గితే, మాట్లాడేవాడు ఆ వైపున్నట్టు. మెల్లగా తిరిగింది. గుట్టవైపు... వాగువైపు... వచ్చిన దారివైపు...

గొంతు ఎటూ తగ్గలేదు.

సెట్టు యాంటెన్నా విప్పేసింది. అది లేకపోతే గోడ పక్క మాట తప్ప ఇంకేదీ వినపడదు. వినపడింది. చెవిలో చెప్పినట్టు వినపడింది. గుడ్లగూబ... గువ్వ...

"ఎటు?" అన్నాడు బావ, పెదవులతోనే.

నాలుగు దిక్కులూ కాకపోతే మిగిలినవి రెండు. తాత తల పైకెత్తి కొమ్మల్లోకి చూశాడు. డాక్టరమ్మ గుడారంలోకి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కింద పరిచిన పరుపు పక్కకు లాగి, సెట్టును నేలకు ఆనించింది.

"మన కింద," అంది.

ఆ తర్వాత ఎవరూ భయపడే తీరిక చేసుకోలేదు. తాత తేనెకత్తితో వేళ్ళు నరికాడు. బావ చేతులతో మట్టి లాగాడు. వేళ్ళ అల్లిక కింద రాతి చీలిక. మాస్టారు గుట్టవైపు నుంచి ఎక్కడో చీలికలోకి జారి, లోలోపలే దొర్లుకుంటూ ఇక్కడికొచ్చి చిక్కుకున్నాడు. ఒక మనిషి ముడుచుకుని కూర్చోవడానికే చాలీచాలని బొరియ. బావ తాడు కట్టుకుని దిగితే లోపల ఒళ్ళు తిప్పుకోవడానికి కూడా చోటు లేదు. మాస్టారి ఒంటి నిండా మట్టి, కాలు విరిగి వాచిపోయింది. రాతి చెమ్మ నాక్కుంటూ బతికాడు. సెట్టును పట్టుకున్న వేళ్ళు విడదీయడం కష్టమైంది. దాని స్పీకరు లోంచి నీళ్ళు కారాయి.

డాక్టరమ్మ మీట ముందు కూర్చుంది. బతికే ఉన్నాడు, మంచం పట్టుకుని రండి అని కొట్టింది. కొడుతుంటే వేళ్ళు తడబడి, రెండుసార్లు తప్పు కొట్టిందట. టైలరు అన్నమాట ప్రకారం మేలుకునే ఉన్నాడు. తెల్లారేసరికి సాయం బయల్దేరింది. నడిచి వెళ్ళి కబురు చెప్పి ఉంటే, ఆయన ఆ మధ్యాహ్నం దాటేవాడు కాదన్నారు ఆస్పత్రిలో.

ఊరు తన మాట తాను మింగేసింది. పాత జట్టులో లాంతరు ఆర్పినవాడు ఆస్పత్రి వరండాదాకా వచ్చి, లోపలికి రాలేక వెళ్ళిపోయాడు. అత్తయ్య అతన్ని వెనక్కి పిలిచి కాఫీ ఇచ్చింది.

కొన్నాళ్ళకు కళ్ళ డాక్టరు డాక్టరమ్మను పక్కకు పిలిచాడు. ఏవో పురుగులు కుట్టి మాస్టారి రెండు కళ్ళూ వాచి మూసుకుపోయాయనీ, అది ఆయన పడిన ఒకటి రెండు రోజుల్లోనే జరిగి ఉంటుందనీ, చూపు తిరిగి వస్తుంది గానీ ఓపిక పట్టాలనీ చెప్పాడు. మీ మామయ్య ఇన్నాళ్ళూ వెలుగే చూడలేదమ్మా, పాపం అన్నాడు.

డాక్టరమ్మ నేరుగా వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. కళ్ళకు కట్టుతో పడుకున్నాడు మాస్టారు. మనిషి తేరుకున్నాడు, మాటా తేరుకుంది.

ఆ రాత్రి నా దీపం ఎలా చదివావు మామయ్యా అని అడిగింది, మామూలుగా అడిగినట్టే.

"నేనెక్కడ చదివానే," అన్నాడాయన. "పక్కన కూర్చున్నాయన చెప్పాడు. దీపం వచ్చింది, మాట్లాడు అనేవాడు. దీపం పోయింది, బ్యాటరీ దాచుకో అనేవాడు. నిద్రపోనిచ్చేవాడు కాదు. నువ్వొచ్చిన రాత్రి మాత్రం... పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు అని ఒక్కొక్కటే చెవిలో చెప్పుకుంటూ వచ్చాడు. చేతులు మంచులా ఉండేవి పాపం."

మాస్టారు కట్టు కట్టిన మొహం ఆవిడ వైపు తిప్పాడు.

"అవునూ... ఆయన్ని ఏ వార్డులో ఉంచారు?"