పెళ్ళికి ముందు ఇంజెక్షన్

పెళ్ళిచూపుల్లో అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకే అభిరామ్‌కి పొలమారింది.

"ఒక ఇంజెక్షన్ ఉంది. వేయించుకుంటారా?"

నరసరావుపేటలో తేజస్వి వాళ్ళ డాబా మీద ఇద్దర్నీ మాట్లాడుకోమని వదిలి, పెద్దవాళ్ళు కింద కాఫీలు తాగుతున్నారు. అభిరామ్ గ్లాసులోని మంచినీళ్ళు సగం కొత్త చొక్కా మీదికి వచ్చాయి.

"ఏం ఇంజెక్షన్?"

"హెచ్‌పీవీ వ్యాక్సిన్. ఆరు నెలల్లో మూడు డోసులు. నేను మొదటిది వేయించుకున్నాను. మీకు ఇరవై ఆరంట కదా, ఇంక ఆలస్యం చేయకూడదు."

"అది ఆడపిల్లలకి కదండీ."

"వైరస్‌కి ఆడా మగా తేడా లేదండీ. ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. మాకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెస్తుంది. మగవాళ్ళకి గొంతులో, ఇంకా..." ఆగింది. "మిగతావి డాక్టరు చెబుతారు."

ఒకరి నుంచి ఒకరికి ఎలా వస్తుందో అర్థమై అభిరామ్ చెవులు ఎర్రబడ్డాయి. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్ అతను. పత్తి గుప్పిట్లో పట్టుకుని తేమ ఎంతుందో చెప్పగలడు. ఈ పిల్ల మాటల్లో ఏముందో మాత్రం అంతుపట్టలేదు.

"అంటే నేను తిరుగుబోతునని అనుమానమా?"

"నేనూ వేయించుకున్నానని చెప్పాగా. అయితే నా మీద నాకే అనుమానమా?"

ఆమె పెదవి చివర నవ్వు దాచుకోవడం అభిరామ్ చూశాడు.

తిరుగు ప్రయాణంలో, కారులో తల్లి రామలక్ష్మి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. అదే పొరపాటయింది.

"పెళ్ళికి ముందే ఆడపిల్ల ఇంజెక్షన్లు పొడిపించుకుంటందంటే ఏదో జబ్బున్నట్టే. మనకొద్దులే," అంది ఆమె. సొంతూరు గురజాల చేరేలోపే మధ్యవర్తి పున్నారావుకి ఫోన్ వెళ్ళిపోయింది. కుదరదని చెప్పేశారు.

పీడ వదిలిందనుకోవాలి కదా. అభిరామ్‌కి మూడు రోజులు ఆ దాచుకున్న నవ్వే గుర్తొచ్చింది. నాలుగో రోజు సగం పూట సెలవు పెట్టి నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరు ఓపికగా చెప్పింది. ఈ వైరస్ చానామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. మామూలుగా ఒంట్లోంచి దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోయి, ఏళ్ళ తర్వాత క్యాన్సరవుతుంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ లోపు వేయిస్తే అన్నిటికన్నా మేలు. ఈ వయసులోనూ పనికొస్తుంది గానీ, అప్పటికే సోకినదాన్ని నయం చేయదు.

"ఆలోచించుకుని వస్తారా?"

అభిరామ్ కళ్ళు మూసుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

సూది వేశాక పావుగంట కూర్చోమన్నారు. బల్ల మీద కూర్చుంటే, ఫైళ్ళు పట్టుకుని తేజస్వి ఎదురుగా వచ్చింది. ఆ ఆసుపత్రి ల్యాబ్‌లోనే ఆమె ఉద్యోగం.

"సంబంధం వద్దన్నారుగా. మరి ఇదెందుకు?"

"సంబంధం కోసం కాదండీ. మీరు చెప్పింది నిజమో కాదో కనుక్కుందామని వచ్చా. నిజమే. ఆ రోజు మాట తూలాను, ఏమనుకోకండి."

తేజస్వి పక్కన కూర్చుంది.

"నేను ఈ క్యాన్సర్ బయాప్సీ రిపోర్టులు టైప్ చేస్తానండీ. పేరు, వయసు, ఊరు. నలభై రెండేళ్ళు, రాజుపాలెం. నలభై ఎనిమిది, అచ్చంపేట. అందరూ మన ఊళ్ళ వాళ్ళే. ఒకరోజు ఒకావిడ పేరు కూడా తేజస్వి అని ఉంది. ఆ రోజు సాయంత్రమే మొదటి డోసు వేయించుకున్నాను."

అభిరామ్ ఆమె వైపు తిరిగాడు. "ఈ మాట మా అమ్మకి మీరే చెప్పాలి. నేను చెబితే పెళ్ళాం తరఫున మాట్లాడుతున్నా అంటది."

"పెళ్ళామా?"

"నోరు జారింది."

"పర్లేదులెండి," అంది ఆమె, ఫైళ్ళు సర్దుకుంటూ.

ఆదివారం తండ్రి శ్రీనివాసరావుని వెంటబెట్టుకుని తేజస్వి గురజాల వచ్చింది. రామలక్ష్మి ఇంట్లో లేదు, మిరప కల్లంలో ఉంది. అభిరామ్ వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళేసరికి మబ్బు కమ్ముకొచ్చి చినుకులు మొదలయ్యాయి. ఎండబెట్టిన కాయలు తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది.

"ఏమ్మాయ్, ఆ పట్టా కొస పట్టుకో," అని కేకేసింది రామలక్ష్మి, వచ్చింది ఎవరో కూడా చూడకుండా.

తేజస్వి చెప్పులు వదిలి పరిగెత్తింది. నలుగురూ కలిసి రాశుల మీద పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, రేకుల షెడ్డు కిందికి చేరేసరికి వాన దంచికొట్టింది. అప్పుడు చూసింది రామలక్ష్మి.

"నువ్వా?"

"నేనే, అత్తయ్యా. నాకు ఏ జబ్బూ లేదు. రాకూడదని వేయించుకున్నాను." క్యాన్సర్ సంగతి, రిపోర్టుల సంగతి అన్నీ చెప్పింది.

రామలక్ష్మి తడిసిన మొహం కొంగుతో తుడుచుకుంది.

"మా అమ్మ దాంతోనే పోయింది," అంది. "నలభై ఆరేళ్ళకి. బయట తెలిస్తే మా అక్కచెల్లెళ్ళకి పెళ్ళిళ్ళు కావని, గుండెపోటని చెప్పమన్నాడు మా నాయన."

అభిరామ్ తల్లి వైపు చూశాడు. అమ్మమ్మది గుండెపోటనే అతను ఇన్నాళ్ళూ నమ్మాడు.

"నాకూ వస్తదేమోనని ఎప్పుడూ భయమే. ఆ ఇంజెక్షన్ పేరెత్తితే అందుకే వణుకు పుట్టింది. నిన్ను అన్నాను గానీ, అది నా భయమే అమ్మాయ్."

"మీకు కావాల్సింది ఇంజెక్షన్ కాదు అత్తయ్యా, పరీక్ష. ముప్పై దాటిన ఆడవాళ్ళందరూ చేయించుకోవాల్సిందే. పట్టుమని పది నిమిషాలు పట్టదు."

"పక్కన ఉంటావా?"

"ఉంటాను."

ఉంది కూడా. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఏమీ లేదన్నారు. రామలక్ష్మి ఆ కాగితాన్ని రెండుసార్లు మడిచి రవికలో పెట్టుకుని, ఆసుపత్రి ఓపీ వరండాలో అందరి ముందే తేజస్వి గడ్డం పట్టుకుంది.

"మా ఇంటికి వస్తావా, తల్లీ?"

"వస్తాను గానీ, అబ్బాయి ఇంతవరకూ అడగలేదుగా అత్తయ్యా."

వరసలో నిలబడ్డ పేషెంట్లందరూ అభిరామ్ వైపు తిరిగారు. అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. అయినా ముందుకొచ్చాడు.

"అడుగుతున్నా, తేజూ. నన్ను చేసుకుంటావా?"

మొదటిసారి 'మీరు' వదిలేశాడు. తేజస్వి ఈసారి నవ్వు దాచుకోలేదు.

"చేసుకుంటాను," అని అందరూ చూస్తుండగానే అతని చెయ్యి పట్టుకుంది.