ఎర్రగుట్ట స్టాప్ సిగ్నల్

కాచిగూడ స్టేషన్ ఎదుటి లాడ్జిలో మొగిలయ్య కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు.

రిటైర్డ్ ఎయిర్‌మన్. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, కొత్తగా గీసుకున్న గడ్డం. కెమెరా ముందు కూర్చోవడానికి తయారైన మనిషి. గుండెపోటు అన్నాడు లాడ్జి మేనేజర్. డాక్టరూ అదే అన్నాడు. కాలర్ అంచున బట్ట నలిగి ఉందని, దాని కింద చర్మం మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉందని చూసినవాడు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ పంపిన అనురాగ్ ఒక్కడే.

మైక్ క్లిప్ పెట్టే చోటు అది. క్లిప్ లోపల సూది.

నారాయణగూడ మార్కెట్ వెనక సందులో చీరలకు ఫాల్, పీకో వేసే దుకాణం ఉంది. కింద మిషన్లన్నీ ఒకేసారి నడుస్తుంటే పై గదిలో మాటలు ఏ మైక్‌కూ చిక్కవు. డిపార్ట్‌మెంట్ ఆ గదిని కిరాయికి తీసుకోవడానికి కారణం అదే. చీఫ్ ప్రభావతి తన చీరలకు ఫాల్ కూడా అక్కడే వేయించుకుంటుంది.

"ఎర్రగుట్ట పేరు విన్నవా?" అంది ఆమె.

"లేదు మేడమ్."

"మంచిది. పాత ఎయిర్‌ఫీల్డ్. డెబ్బై ఒకటి యుద్ధం అయినంక మూసేసిండ్రు. ఇప్పుడు రన్‌వే మీద ఊరోళ్లు మక్కలు ఎండబోస్తున్నరు."

"మరి మనకేం పని?"

"రన్‌వే పక్కన గుట్ట. గుట్ట కడుపుల పాత బాంబుల గోదాం. పైకి పాడుబడ్డట్టే కనబడ్తది. లోపల కొత్త సరుకు ఉన్నది. ఏం సరుకని అడగకు, నాక్కూడ చెప్పలే. ముందు గేటుకు పహారా ఉంది. కానీ లోపలి నీళ్లు బయటికి పోనీకి వెనక ఒక కాలువ ఉండె. మనిషి పాకుకుంట పోవచ్చు. దాని నోటికి గోడ కట్టి మట్టి కప్పిండ్రు. నక్షలు చెదలు తిన్నయి. ఆ నోరు యాడున్నదో ఇప్పుడు ఒక్క మనిషికే తెలుసు."

"మొగిలయ్యకు తెల్వదా?"

"కాలువ ఉందని తెలుసు, యాడుందో తెల్వదు. ఎవరికి తెలుసో చెప్పినంక ఆ బయటి దేశపోళ్లకు ఆయనతోని పని లేదు." ప్రభావతి ఒక ఫొటో ముందుకు తోసింది. "రాఘవేందర్. చిక్కడపల్లి. ఇంటి మీద గది ఖాళీగుంది. రేపట్నించి నువ్వు గ్రూప్ వన్‌కు ప్రిపేర్ అవుతున్నవ్."

బయటి దేశపు ముఠా పని తీరు సింపుల్. 'పాత రన్‌వేలు' అని ఒక యూట్యూబ్ ఛానల్. మూతపడ్డ ఎయిర్‌ఫీల్డ్‌లు చూపిస్తుంది, అక్కడ పనిచేసిన ముసలివాళ్లతో మాట్లాడిస్తుంది. వినేవాడు దొరికితే ముసలివాళ్లు అన్నీ చెబుతారు. ఛానల్ యాంకర్ నవనీత.

"నవనీత మన మనిషే. మనమే వాళ్ల లోపలికి పంపినం. కాచిగూడ సంగతి తనకు తెల్వకుంట జరిగిందంటది," అంది ప్రభావతి.

"రాఘవేందర్‌కు ఉన్న మాట చెప్పేస్తే అయిపోతది గదా మేడమ్?"

"గుట్టల సరుకుందని చెప్తవా? తెలిసినోళ్లు ఇంకో ఇద్దరు పెరుగుతరు, ఆయనా, ఆయన భార్యా. వద్దు. ఆ ఒక్క మాట ఆయన నోట్లకెల్లి రావద్దు. ఆయన బతకాలె. అంతే."

పవర్ బ్యాంకులా కనిపించే జామర్ ఒకటి, ఫ్రేములో కెమెరా దాచిన కళ్లజోడు ఒకటి ఇచ్చారు. పేరు మాత్రం మార్చలేదు. ఆ గల్లీలో అప్పటికే ముగ్గురు అనురాగ్‌లు ఉన్నారు. నాలుగోవాడిని ఎవరు పట్టించుకుంటారు? ముప్పై నాలుగేళ్లు వచ్చినా ఇంకా చదువుతున్న మనిషిని కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్ చుట్టుపక్కల ఎవరూ ఏమీ అడగరు. అడిగితే బాధపడతాడని.

రాఘవేందర్ ఇంట్లో మాటలు తక్కువ, చేతులు ఎక్కువ.

విమానం ఇంజన్ల కింద పనిచేసి ఆయన చెవులు పోయాయి. మిషన్ పెట్టుకుంటే ఎదుటి మనిషి మాట వినబడుతుంది, పక్క గది మాట వినబడదు. అందుకని పెళ్లయిన కొత్తలోనే భార్య మనోరమకు రన్‌వే సంజ్ఞలు నేర్పాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి గరిటె ముందుకూ వెనక్కూ ఊపితే అన్నానికి రమ్మని. రెండు చేతులూ తలపైన అడ్డంగా పెడితే ఆగమని. అరచేతిని గొంతు ముందు అడ్డంగా గీస్తే ఇంజన్ బంద్. అంటే స్టవ్వో, మోటరో, ఫ్యానో, ఏది నడుస్తుంటే అది కట్టేయమని.

"నేర్చుకో బిడ్డా, నీక్కూడ పనికొస్తది," అంది మనోరమ. "మీ అంకుల్‌ను పిలవాలంటే గొంతు పోతది."

రాఘవేందర్ వరండాలో నిలబెట్టి నేర్పాడు. చేతులు వంకరగా పెడితే ఒప్పుకోలేదు.

"స్టాప్ అంటే స్టాప్. ఆఫీసర్ ఇచ్చినా ఆగాలె, ఊడ్చెటోడు ఇచ్చినా ఆగాలె. ఎందుకని అడగద్దు. అడిగేలోపల రెక్క తెగుతది, లేకుంటే మనిషి తెగుతడు. ఇంకో మాట. ఆపినోడే మళ్ల చెయ్యి ఊపి ఇడువాలె. వేరేటోడు వెయ్యిసార్లు రమ్మన్నా కదలద్దు."

"ఆపినోడు మర్చిపోతే అంకుల్?"

"ఆగే ఉండాలె," అన్నాడు ఆయన, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

ఒక సాయంత్రం చాయ్ తాగుతూ ఆయనే పీరయ్య సంగతి ఎత్తాడు.

"నా జతగాడు. గుట్టల కాలువ పూడుకపోతే తీయనీకి పోయిండు. లోపల గాలి లేదు. నేను బయట తాడు పట్టుకున్న. తాడు గుంజితే తాడే వచ్చింది. తెల్లారి కాలువ నోటికి గోడ కట్టించిండు మా మీద ఉన్న ఆఫీసర్. వాని తప్పు బయట పడ్తదని, పీరయ్యనే డ్యూటీ ఇడిసి పారిపోయిండని రాసిండు. నేను నెత్తీనోరూ కొట్టుకున్న. ఎవరు వింటరు? యుద్ధం నడుస్తున్నది. తర్వాత అడిగితే, ఎర్రగుట్టనే లేదంటిరి."

"ఇంట్ల వాళ్లు?"

"భార్య ఉన్నది, భూదేవి. ఊళ్లె ఇప్పటికీ పారిపోయినోని పెండ్లామనే అంటరు. ఆమెకు పైసలు వద్దు. ఆ పేరు పోవాలె." ఆయన కప్పు కింద పెట్టాడు. "ఆ ఛానలోళ్ల కెమెరా వస్తున్నది గదా. జాగ చెప్తా. తవ్వితే పీరయ్య బొక్కలు దొరుకుతయి. జాగ చెప్పకుంట ఊకె చచ్చిపోయిండంటే ఎవడు నమ్ముతడు?"

ముఠాకు కావలసిన మాటా, భూదేవికి కావలసిన మాటా ఒకటే. ఒకటి ఆపి ఇంకొకటి వదలడానికి దారి లేదు.

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి ఇరానీ హోటల్లో నవనీతను కలిశాడు. మెరూన్ షిఫాన్ చీర, వదిలేసిన జుట్టు. చాయ్ పోసే మనిషి ఆమెను చూస్తూ సాసర్ నింపేశాడు.

"నోటిఫికేషన్ వస్తదంటవా?" అన్నాడు అనురాగ్. అది కోడ్.

"వస్తది. వాయిదా గూడ దాని ఎంబడే వస్తది." జవాబు సరిపోయింది. ఆమె నవ్వింది. "నువ్వు నిజంగనే చదువుతున్నట్టున్నవ్. కండ్ల కింద నల్లగైంది."

"షూటింగ్ ఎప్పుడు?"

"ఆదివారం. అప్పటిదాకా హాయిగ చదువుకో."

ఆమె చేతి వాచీ తప్పు టైమ్ చూపిస్తోంది. ఆగిపోయిందేమో అనుకున్నాడు కానీ సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది.

"నీ వాచీ ఎనకపడ్డది."

"రిపేర్‌కు ఇయ్యాలె," అంది ఆమె, పైట మణికట్టు మీదికి లాక్కుంటూ.

శుక్రవారం సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గర కొత్త చెప్పులు ఉన్నాయి. ఒక జత హైహీల్స్.

అనురాగ్ వెనక మెట్లెక్కి వంటింట్లోకి వెళ్లాడు. మనోరమ ట్రేలో చాయ్ కప్పులు సర్దుతోంది.

"ఆంటీ, ఆదివారమన్నరు గదా?"

"ఇయ్యాలనే వచ్చిండ్రు బిడ్డా. లైవ్ అట. భూదేవక్క గూడ మనుమరాలి ఫోన్ల చూస్తున్నది. జర ఈ ట్రే పట్టుకపో."

ముందు గదిలో కిటికీలన్నిటికీ నల్ల గుడ్డ కట్టారు. స్టాండు లైటు వెలుగులో రాఘవేందర్ పాత టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. కాలర్‌కు మైక్ క్లిప్. ఆయన వెనక కెమెరామన్ ఒక చేయి భుజాన ఉన్న సంచీలో పెట్టి నిలబడ్డాడు. కెమెరాను చూడకుండా మనిషినే చూస్తున్న కెమెరామన్.

ఎదురుగా నవనీత. మన మనిషి. ఆదివారమని అబద్ధం చెప్పిన మన మనిషి.

అనురాగ్ జేబులో జామర్ నొక్కాడు. తన ఫోన్లో సిగ్నల్ పోయింది. లైవ్ మాత్రం పోలేదు. కిటికీ సందులోంచి నీలం వైరు ఒకటి లోపలికి వచ్చింది. పక్క హాస్టల్ ఇంటర్నెట్ వైరు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్‌కు వైర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

"పీరయ్య పారిపోలే," అంటున్నాడు రాఘవేందర్. "కాలువల సచ్చిపోయిండు. ఇంకా ఆడనే ఉన్నడు. ఆ కాలువ నోరు యాడున్నదంటే, రన్‌వే చివర నిలబడి గుట్ట దిక్కు మొకం పెడితే..."

గది దాటి ఆయన్ను చేరేలోపల వాక్యం అయిపోతుంది. అరిస్తే ఆయనకు వినబడదు, సంచీలో చేతికి వినబడుతుంది.

అనురాగ్ ట్రే గుమ్మం పక్క స్టూలు మీద పెట్టాడు. రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెట్టాడు. కెమెరామన్ చూపు ముసలాయన మెడ మీదే ఉంది.

కెమెరా వైపు చూస్తున్న ముసలి కళ్లు గుమ్మం వైపు తిరిగాయి. మాట సగంలో తెగింది.

నవనీత వెనక్కి తిరిగి చూసేసరికి, మళ్లీ ట్రే అందుకున్న కిరాయి కుర్రాడు తప్ప అక్కడ ఏమీ లేదు. అతన్ని ఎరగనట్టే ముందుకు తిరిగింది.

"చెప్పండి అంకుల్. గుట్ట వైపు చూస్తే?"

రాఘవేందర్ అనురాగ్ చేతులనే చూస్తున్నాడు.

"అంకుల్, భూదేవమ్మ చూస్తున్నది." నవనీత గొంతులో తేనె ఉంది. "ఇన్నేండ్లు ఈ ఒక్క మాట కోసమే గదా."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకోసారి అనురాగ్ చేతుల వైపు చూశాడు. చేతులు ట్రేని వదల్లేదు.

"యాదికి వస్తలేదు బిడ్డా," అన్నాడు రాఘవేందర్.

ఇంజన్ నంబర్ల దగ్గర్నుంచి మెస్‌లో పప్పు రుచి దాకా ఏదీ మర్చిపోని మనిషి, దేశమంతా చూసే చోట, యాదికి వస్తలేదన్నాడు.

నవనీత ముఖంలోంచి యాంకర్ వెళ్లిపోయింది. "సరే అంకుల్. మైక్ తీసేస్తా." చేయి కాలర్ మీదికి వెళ్లింది. బొటనవేలు క్లిప్ మీద ఆనింది.

అనురాగ్ తల తిప్పి వంటింటి వైపు చూశాడు. అరచేయి గొంతు ముందు గీశాడు.

మనోరమ ఎందుకని అడగలేదు. తలుపు వెనక మెయిన్ స్విచ్ ఠక్కున కింద పడింది.

చీకట్లో మరిగిన చాయ్ అంతా సంచీ మనిషి మొహం మీద పడింది. తుపాకీ కింద పడి మంచం కిందికి జారిన చప్పుడు. నీలం వైరు ఊడింది. మనోరమ మళ్లీ లైటు వేసేసరికి క్లిప్‌లో సూది రాఘవేందర్ మెడ పక్కన సోఫా దిండులో గుచ్చుకుని ఉంది. నవనీత మణికట్టు అనురాగ్ గుప్పిట్లో ఉంది.

"నీ వాచీ ఎనకపడలే," అన్నాడు అతను. "మీవాళ్ల ఊరి టైమ్ అది."

నవనీత జుట్టు వెనక్కి తోసుకుంది. "కంగ్రాట్స్. ప్రిలిమ్స్ పాసైనవ్."

అనురాగ్ జామర్ ఆపి కబురు పంపాక జీపు వచ్చి ఇద్దర్నీ తీసుకుపోయింది. ఆ తర్వాత ఫోన్ మోగింది. మనోరమ స్పీకర్ పెట్టి భర్త చెవి దగ్గరికి తెచ్చింది.

"అన్నా," అంది భూదేవి, "నీకే యాదిల లేకపోతే ఇగ ఎవరికుంటది?"

రాఘవేందర్ ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా అనురాగ్‌ను కారణం అడగలేదు.

"ఆపినోడివి నువ్వు," అన్నాడు. "ఇడిసేదాకా కూసుంట."

మర్నాడు ఫాల్, పీకో దుకాణం మీద ప్రభావతి కళ్లు కలపలేదు.

"పైనుంచి ఇయ్యాల చెప్పిండ్రు. గుట్టల సరుకు కిందటి దసరాకే వేరే చోటికి మార్చిండ్రట."

కింద మిషన్లు గరగరమంటున్నాయి.

"అంటే గుట్ట ఖాళీ."

"ఖాళీ."

"అయితే ఆయన చెప్పుకోవచ్చు గదా మేడమ్. నేనొక్కసారి చెయ్యి ఊపితే చాలు."

"ఖాళీ అని వాళ్లకు తెల్వదు. తెల్వనంతసేపు ఆ గుట్ట చుట్టే తిరుగుతరు, అసలు జాగ దిక్కు రారు. ఆడ ఏం లేదన్నదే ఇప్పుడు సీక్రెట్."

"ఎన్ని రోజులు? ఆయనకు డెబ్బై నాలుగేండ్లు. భూదేవమ్మకు గూడ అంతే ఉంటయి."

ప్రభావతి ఒళ్లో చీర అంచుకు వేలాడుతున్న దారాన్ని పంటితో తెంపింది. "మనుషులకే అనురాగ్, రిటైర్మెంట్. సీక్రెట్లకు ఉండదు."

సాయంత్రం అనురాగ్ గది ఖాళీ చేశాడు. బ్యాగు భుజానికి తగిలించుకోవచ్చు. తగిలించుకోలేదు, ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో చేత్తో చుట్టిన పరుపు. పొరపాటున కూడా ఏ చేయీ గాలిలో కదలకూడదని.

వరండాలో రాఘవేందర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం వైపు చూడలేదు. ఒక చేయి, రెండో చేయి, రెండూ చూశాడు. వంటింటి గుమ్మంలో మనోరమ గరిటె పట్టుకుని నిలబడింది. గరిటె కదల్లేదు.

గేటు దగ్గర కింది పోర్షన్ సరిత బట్టలు తీస్తోంది.

"పోతున్నవా అన్నా? రిజల్ట్ ఏమైంది?"

"పోయింది," అన్నాడు అనురాగ్.

ఏ పరీక్ష అని సరిత అడగలేదు. సామాను పట్టుకుని పోయేవాడిని ఆ గల్లీలో అంతకంటే ఎక్కువ అడగరు.